ఆపరేషన్ ఆగొచ్చు, నిర్ణయం ఆగకూడదు

13 ఏళ్ల అబ్బాయి. కింది ముందుపళ్లు పైపళ్ల కంటే 2 మి.మీ. ముందుకొచ్చాయి. పక్క నుంచి చూస్తే గడ్డం కాస్త పొడుచుకొచ్చినట్టుంటుంది, అంతే. కిందివైపు కోరపళ్ల వెనకున్న చిన్న దవడపళ్లు రెండూ పీకి, ఆ ఖాళీలోకి ముందుపళ్లను లాగి, ఏడాదిన్నరలో క్లిప్పులతో వరస సరిచేస్తారు. 15 ఏళ్లకు క్లిప్పులు తీసేస్తారు. ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. 18 దాటేసరికి కింది దవడ ఇంకో 5 మి.మీ. పెరిగి పళ్లు మళ్లీ ఎదురు తిరుగుతాయి. ఈసారి దవడ ఆపరేషనే మార్గమంటారు. దానికి ముందు చెయ్యాల్సిన పనేమిటంటే, అప్పుడు కష్టపడి లోపలికి లాగిన ఆ కింది పళ్లనే మళ్లీ బయటికి తేవడం, మూసేసిన ఖాళీలు మళ్లీ తెరవడం. తెరిచిన చోట ఇంప్లాంట్ పెట్టాల్సి రావొచ్చు కూడా. చేసిన వైద్యాన్ని విప్పడానికే ఏడాది పైన పట్టొచ్చు.

ఇందులో చేతిపని తప్పేమీ లేదు. పళ్లు జరిపిన తీరు బాగానే ఉండి ఉంటుంది. తప్పంతా ఏది ముందు, ఏది వెనక అన్న దగ్గర జరిగింది. దవడ ఎముకల్లో తేడా ఉన్న మనిషి విషయంలో మొదట తేల్చుకోవాల్సింది ఆపరేషన్ ఎప్పుడు అని కాదు. ఇది ఆపరేషన్ దారా, క్లిప్పుల దారా అని. మొదటి బ్రాకెట్ అంటించక ముందే దీనికి జవాబుండాలి. లేదంటే, ఇంకా తేలలేదు కాబట్టి రెండు దారులూ మూసుకుపోకుండా చూస్తున్నాం అన్న స్పష్టమైన మాటైనా ఉండాలి. ఆపరేషన్ మాత్రం నింపాదిగా రావొచ్చు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. నిర్ణయాన్ని తర్వాత చూద్దామని పక్కన పెట్టి, క్లిప్పులు మాత్రం వెంటనే పెట్టించేస్తారు. నా వాదన దీనిమీదే.

ఎందుకింత పట్టుదల అంటే, ఆ రెండు దారులూ ఒకే వైపు కొంతదూరం వెళ్లి విడిపోయేవి కావు. మొదటి అడుగు నుంచే ఎదురెదురుగా నడుస్తాయి.

దవడలు పొంతన లేకుండా పెరిగినప్పుడు పళ్లు ఊరికే ఉండవు. పెదవుల ఒత్తిడికి, నాలుక ఒత్తిడికి వాలిపోయి ఒకదాన్నొకటి అందుకోవాలని చూస్తాయి. కింది దవడ పొడుగైతే కింది ముందుపళ్లు లోపలికి, పైవి బయటికి వాలతాయి. కింది దవడ చిన్నదైతే కింది పళ్లు బయటికి వాలి పైవాటి దగ్గరికి చేరజూస్తాయి. క్లిప్పులతోనే సరిపెట్టే వైద్యం, అంటే కామఫ్లాజ్, ఈ సర్దుబాటునే ఇంకాస్త పెంచుతుంది. ఆపరేషన్ దారి దాన్ని పూర్తిగా రద్దు చేస్తుంది. పళ్లను వాటి వాటి ఎముక మీద నిటారుగా నిలబెట్టి, ఎముకల తేడా ఎంతుందో అంతా బయటపెడుతుంది. దీన్ని డీకాంపెన్సేషన్ అంటారు.

అందుకే పీకే పళ్లు కూడా మారిపోతాయి. కింది దవడ ముందుకొచ్చిన మనిషికి కామఫ్లాజ్‌లో కింది ప్రీమోలార్లు, అంటే కోరపళ్ల వెనకున్న చిన్న దవడపళ్లు పీకుతారు. ఆపరేషన్ దారిలో పీకాల్సి వస్తే పైవి పీకుతారు, బయటికి వాలిన పైపళ్లను వెనక్కి తేవడానికి. కింది దవడ చిన్నదైన మనిషికి దీనికి సరిగ్గా తలకిందులు. కామఫ్లాజ్‌లో పైవి, ఆపరేషన్‌కు కిందివి. పీకిన పన్నును తిరిగి పెట్టలేం. కాబట్టి దారి తేలకుండా పన్ను పీకడానికి ఒప్పుకోకూడదు.

అంకెల్లో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. కింది దవడ ముందుకొచ్చిన, పెరుగుదల ఆగిన ఒక మనిషికి పైపళ్లకూ కిందిపళ్లకూ మధ్య తేడా మైనస్ 2 మి.మీ., అంటే కిందివి 2 మి.మీ. ముందున్నాయి అనుకుందాం. సెఫలోగ్రామ్, అంటే కొలతల కోసం తలను పక్క నుంచి తీసే ఎక్స్‌రే, తీస్తే కింది ముందుపళ్లు దవడ అడుగుగీతతో 80 డిగ్రీల కోణంలో ఉన్నాయి. మామూలుగా 90 దగ్గర ఉండాలి. అమెరికన్ ఆర్థోడాంటిస్ట్ (పళ్ల వరస సరిచేసే డాక్టరు) చార్లెస్ ట్వీడ్ కాలం నుంచి వస్తున్న లెక్క ప్రకారం 2.5 డిగ్రీలు వంచితే పంటి అంచు సుమారు 1 మి.మీ. జరుగుతుంది. అంటే ఆ 10 డిగ్రీలూ సరిచేస్తే కింది పళ్ల అంచు 4 మి.మీ. ముందుకొస్తుంది. పైపళ్లను 2 మి.మీ. వెనక్కి తెచ్చారు. మైనస్ 2 ఉన్నది మైనస్ 8 అయింది. చివరికి పైపళ్లు కిందివాటి కంటే 2 మి.మీ. ముందుండాలి కాబట్టి సర్జన్‌కు జరపడానికి 10 మి.మీ. జాగా దొరికింది. పై దవడ 5 ముందుకు, కింది దవడ 5 వెనక్కి జరిపితే ముఖం తీరు మారుతుంది. డీకాంపెన్సేషన్ అసలు చెయ్యకపోతే దొరికేది 4 మి.మీ. మాత్రమే. అంతకు మించి జరిపితే పళ్లు కలవవు. ఒళ్లు హూనం చేసుకుని ఆపరేషన్ చేయించుకున్నాక కూడా ముఖం పెద్దగా మారలేదని బాధపడేవాళ్లలో చాలామందికి అసలు కారణం ఇదే. కత్తి తప్పు కాదు, అంతకు ముందు వైర్లు చెయ్యాల్సిన పని సగంలో ఆగింది.

ఈ దశలో ఒక కష్టం ఉంది, అది ముందే చెప్పాలి. ఆపరేషన్‌కు ముందు నెలల్లో ముఖం అధ్వానమవుతుంది. మైనస్ 2 కాస్తా మైనస్ 8 అయితే గడ్డం మరింత పొడుచుకొచ్చినట్టుంటుంది, కొరకడం కష్టమవుతుంది, మాటలో తేడా వస్తుంది. వైద్యం చెడిపోతోందని భయపడి మధ్యలో మానేసేవాళ్లు ఇక్కడే మానేస్తారు. నిజానికి అది సరిగ్గా సాగుతోందనడానికి గుర్తు.

ఇక ఎముక పెరుగుదల సంగతి. ఆపరేషన్ ఎప్పుడు అన్నదానికి వయసు ఒక్కటే జవాబు కాదు, కానీ అంచనాకు పనికొస్తుంది. అమ్మాయిల్లో దవడల పెరుగుదల సాధారణంగా 15 నుంచి 17 మధ్య నెమ్మదిస్తుంది, అబ్బాయిల్లో 17 నుంచి 19 మధ్య. కింది దవడ మితిమీరి పెరిగే రకంలో, ముఖ్యంగా అబ్బాయిల్లో, 20 దాటాక కూడా కొద్దికొద్దిగా పెరగడం ఉంది. ముఖం వెడల్పు ముందు ఆగుతుంది, తర్వాత పొడవు, చిట్టచివర ఎత్తు. చేతి ఎక్స్‌రేలో మణికట్టు ఎముకలు కలిసిపోయాయనో, మెడ వెన్నుపూసల ఆకారం ఆఖరి దశకు వచ్చిందనో చూసి ముహూర్తం పెట్టేయకూడదు. అవి ఒంటి పెరుగుదల ఎక్కడుందో చెబుతాయి. పొడవు పెరగడం ఆగినా కింది దవడ ఇంకా కదులుతూ ఉండొచ్చు.

నమ్మదగ్గది ఒక్కటే. ఒకే యంత్రం మీద, ఒకే భంగిమలో తీసిన పక్క సెఫలోగ్రామ్‌లు రెండు. వాటి మధ్య కనీసం 6 నెలలు, వీలైతే ఏడాది గడవాలి. పుర్రె అడుగు గీతల మీద ఒకదానిపై ఒకటి పరిచి చూస్తే గడ్డం జరగకుండా ఉండాలి. మూడు నెలల తేడాతో తీసి 'పెరగలేదు' అంటే నమ్మొద్దు. గీతలు గీయడంలోనే అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా పొరపాటు వస్తుంది. మూడు నెలల్లో వచ్చే పెరుగుదల ఆ పొరపాటులోనే కలిసిపోతుంది. తొందరపడి 16 ఏళ్లకు కింది దవడను 6 మి.మీ. వెనక్కి జరిపితే, మిగిలిన పెరుగుదల ఆ 6 మి.మీ.ను తినేయొచ్చు. అప్పుడు రెండో ఆపరేషన్ మచ్చకట్టిన కండరాల మధ్య, పాత ప్లేట్ల మధ్య చెయ్యాలి.

గడ్డం ఒక పక్కకు తిరిగిపోతుంటే లెక్క వేరు. ఒక వైపు కీలు దగ్గరి ఎముక, అంటే కాండైల్, ఇంకా పెరుగుతోందేమో తేల్చాలి. చురుగ్గా మారుతున్న ఎముక వెలిగి కనిపించే బోన్ స్కాన్‌లో రెండు వైపులకూ మధ్య 10 శాతం పైన తేడా ఉంటే అనుమానించాలి. అయితే స్కాన్ ఒక్కదాన్ని పట్టుకుని నిర్ణయించకూడదు. కీలువాతం ఉన్నా, దెబ్బ తగిలి మానుతున్నా అది వెలుగుతుంది. వరస ఫోటోలు, పళ్ల అచ్చులు, ఎక్స్‌రేలు అన్నీ ఒకే మాట చెప్పాలి.

అందరూ 18 దాకా ఆగాల్సిందేనా? కాదు. కింది దవడ చిన్నదైన వాళ్లకు కొంచెం ముందుగా చెయ్యొచ్చు. అక్కడ మిగిలిన పెరుగుదల ఫలితాన్ని అంతగా పాడుచెయ్యదు. నిద్రలో ఊపిరి ఆగిపోతున్న పిల్లలు, పుట్టుకతో దవడ బాగా కుంచించుకుపోయిన పిల్లలు, కీలు అతుక్కుపోయి నోరు తెరవలేని పిల్లలు ఆగకూడదు. ఎముకను కోసి 5 నుంచి 7 రోజులు ఆగి, రోజుకు 1 మి.మీ. చొప్పున సాగదీసే డిస్ట్రాక్షన్ పద్ధతి అలాంటివాళ్ల కోసమే. పెద్దయ్యాక మరో ఆపరేషన్ రావొచ్చని తెలిసే చేస్తారు. మొర్రి సరిచేసిన పిల్లల లెక్క కూడా ప్రత్యేకం.

చిన్నప్పుడు చెయ్యాల్సినవి కొన్ని అప్పుడే చెయ్యాలి. పై దవడ వెనకబడితే దాన్ని ముందుకు లాగే ఫేస్‌మాస్క్ 8 నుంచి 10 ఏళ్లలోపే బాగా పనిచేస్తుంది. అంగిలి వెడల్పు చేసే స్క్రూ యుక్తవయసు దాటాక మామూలు పద్ధతిలో పనిచేస్తుందన్న నమ్మకం తగ్గిపోతుంది, ఎందుకంటే అంగిలి మధ్య అతుకు గట్టిపడుతుంది. చిన్న కింది దవడకు దాన్ని ముందుకు పట్టి ఉంచే ట్విన్ బ్లాక్ లాంటి పరికరాలు పెరుగుదల ఊపందుకున్న సమయంలో పెట్టాలి. ఇవన్నీ చేశాక కూడా ఆపరేషన్ అవసరం పడొచ్చని తల్లిదండ్రులకు ముందే తెలియాలి. కానీ వీటివల్ల దారులేవీ మూసుకుపోవు. పళ్లు పీకడం వేరు, ఎముకకు సాయం చెయ్యడం వేరు.

మధ్యలో ఉన్న ఐదారేళ్లు ఏం చెయ్యాలి? చాలా చోట్ల ఇక్కడ దారి తప్పుతుంది. 13 ఏళ్లకు క్లిప్పులు పెట్టి, పెరుగుదల ఆగేదాకా అలాగే ఉంచేస్తారు. ఐదేళ్లు బ్రాకెట్లుంటే వాటి చుట్టూ పంటి మీద తెల్లటి మరకలు పడొచ్చు, అవి పూర్తిగా పోవడం కష్టం. పంటి వేర్ల కొసలు అరిగి పొట్టివి కావొచ్చు. పిల్లలకు విసుగొచ్చి, తీరా అసలు పని మొదలయ్యేసరికి ఓపిక అయిపోతుంది. మంచి పద్ధతేమిటంటే, చిన్న సమస్య ఏదైనా ఉంటే 6 నుంచి 9 నెలల్లో సరిచేసి అన్నీ తీసేసి, ఏడాదికోసారి సెఫలోగ్రామ్ తీస్తూ ఆగడం. డీకాంపెన్సేషన్‌కు 12 నుంచి 18 నెలలు పడుతుంది కాబట్టి పెరుగుదల పూర్తిగా ఆగాకే మొదలుపెట్టక్కర్లేదు. పెరుగుదల చివరి తోక మిగిలుండగా మొదలుపెడితే రెండూ ఒకేసారి పూర్తవుతాయి. అబ్బాయికి 17కు క్లిప్పులు, 18న్నర నుంచి 19 మధ్య ఆపరేషన్, అప్పటికి రెండు సెఫలోగ్రామ్‌లూ ఒకటే చెప్పాలి.

ఆపరేషన్‌కు ముందు క్లిప్పులతో ఏం చెయ్యాలో ఎంత ముఖ్యమో, ఏం చెయ్యకూడదో కూడా అంతే ముఖ్యం. ముందుపళ్లు కలవని ఓపెన్ బైట్‌ను రబ్బరు బ్యాండ్లతో కిందికి లాగి మూయకూడదు. అలా లాగిన పళ్లు ఆపరేషన్ అయ్యాక మళ్లీ పైకెళ్లి పాత సందే తెరుస్తాయి. పై వరస రెండు మెట్లుగా ఉంటే ఒకే వైరుతో సమం చెయ్యకుండా ముక్కలు ముక్కలుగా సమం చేసి, సర్జన్ ఎముకను ముక్కలుగా జరపడానికి వదలాలి. ముక్కలు కోసే చోట పక్కపక్క పళ్ల వేళ్ల మధ్య 2 నుంచి 3 మి.మీ. ఎడం చెయ్యాలి, లేకపోతే రంపం వేరును తాకుతుంది. ముఖం పొట్టిగా, బైట్ లోతుగా, అంటే పైపళ్లు కిందివాటిని బాగా కప్పేసి ఉన్నవాళ్లకు కింది వరస వంపును అలాగే ఉంచాలి. ఆపరేషన్‌లో దవడ ముందుపళ్ల దగ్గర, చివరి దవడపళ్ల దగ్గర మూడు చోట్ల ఆనుకుంటుంది, ముఖం ఎత్తు పెరుగుతుంది. మధ్యలో మిగిలిన సందును తర్వాత పళ్లను పైకి తెచ్చి నింపుతారు. ముందే వంపు సమం చేసేస్తే ఆ ఎత్తు పోతుంది.

రెండు మూడు నెలలకోసారి పళ్ల అచ్చులు తీసి, ఆపరేషన్ తర్వాత ఎలా కలవాలో అలా చేత్తో పట్టుకుని చూడాలి. ఈ చిన్న పని బద్ధకించడం వల్ల వచ్చే ఆలస్యం అంతా ఇంతా కాదు. ఎక్కువగా దొరికే దొంగ పై రెండో మోలార్, అంటే జ్ఞానదంతానికి ముందుండే పెద్ద దవడపన్ను. దానికి బ్యాండ్ (వైరు పట్టే లోహపు పట్టీ) వెయ్యకుండా వదిలేస్తే కిందికి దిగి, దవడను కొత్త చోట పెట్టగానే మొదట అదే తగులుతుంది, ముందు సందు మిగులుతుంది. వెడల్పు తేడా కూడా అచ్చుల మీదే తెలుస్తుంది. నోట్లో చూస్తే వెనకపళ్లు ఎదురు తిరిగినట్టుంటాయి. అచ్చులను సరైన చోటికి జరిపితే కొన్నిసార్లు ఆ తేడా మాయమైపోతుంది, ఎందుకంటే ముందుకొచ్చిన దవడ వెడల్పు భాగం ఇరుకు భాగానికి ఎదురుగా నిలబడిందంతే.

కింది జ్ఞానదంతాలను ఆపరేషన్‌కు కనీసం 6 నెలల ముందు తీయించడం చాలామంది సర్జన్ల పద్ధతి. దవడను నిలువునా చీల్చే చోటు సరిగ్గా అదే. గుంత నిండని ఎముక అనుకోని చోట విరుగుతుంది. కొందరు ఆపరేషన్‌లోనే తీస్తారు. ఏదైనా సరే ముందే మాట్లాడుకోవాలి, ఆఖరి నెలలో గుర్తొస్తే తేదీ జరుగుతుంది. చివరగా 0.022 అంగుళాల బ్రాకెట్ గాడిలో, అంటే స్లాటులో, 0.019×0.025 అంగుళాల బరువైన స్టీలు వైరు కూర్చోవాలి. కొలతలు తీసేముందు 4 నుంచి 6 వారాలు దాన్ని ముట్టుకోకూడదు. పళ్లు ఇంకా కదులుతుండగా కొలతలు తీస్తే, ఆ కొలతలతో చేసిన స్ప్లింట్ (దవడలను కొత్త చోట కలిపి పట్టడానికి పళ్ల మధ్య పెట్టే ప్లాస్టిక్ అచ్చు) ఆపరేషన్ బల్ల మీద సరిగా కూర్చోదు. సర్జన్ అప్పుడు చెయ్యగలిగేది స్ప్లింట్ అరగదియ్యడం, అంటే ప్లాన్‌ను అరగదియ్యడం.

ఇదంతా విన్నాక ముందే ఆపరేషన్ చేసేసి తర్వాత క్లిప్పులు పెట్టొచ్చు కదా అని అడుగుతారు. చెయ్యొచ్చు. 2009లో జపాన్‌లోని సెందాయ్ బృందం 'సర్జరీ ఫస్ట్' పేరుతో ఈ పద్ధతిని వివరించాక చాలా దేశాలకు పాకింది. దీని వెనక శాస్త్రం ఉంది. ఎముకను కోసినప్పుడు చుట్టుపక్కల ఎముక మార్పిడి వేగం పెరుగుతుందని అమెరికన్ ఎముకల డాక్టరు హెరాల్డ్ ఫ్రాస్ట్ 1983లోనే రాశాడు. ఆ ఊపు దవడల్లో మూడు నాలుగు నెలలు ఉంటుంది, పళ్లు త్వరగా కదులుతాయి. ముఖం అధ్వానమయ్యే దశే ఉండదు, మొత్తం వైద్యం ఏడాది, ఏడాదిన్నరలో అయిపోవచ్చు.

కానీ దీన్ని అందరికీ దగ్గరి దారిగా చెప్పడాన్ని నేను ఒప్పుకోను. పళ్లు పెద్దగా ఇరుక్కోకుండా, వంపు తక్కువగా, వెడల్పు తేడా లేకుండా, అచ్చులు కలిపితే కనీసం మూడు చోట్ల ఆనుకునేలా ఉంటేనే ఇది కుదురుతుంది. ఎముక కొత్త చోట అతుక్కునే వారాల్లో పళ్ల ఆసరా లేకపోతే దవడ ఊగుతుంది. పైగా మామూలు పద్ధతిలో పళ్లు నిటారయ్యాక కళ్లారా చూసి కొలిచే 8 మి.మీ.ను ఇక్కడ ముందే ఊహించి కోయాలి. ఊహ తప్పితే సరిదిద్దుకోవడానికి మిగిలేది పళ్లే, అంటే మళ్లీ కామఫ్లాజే. తీవ్రమైన నిద్ర సమస్య ఉండి ఏడాదిన్నర ఆగలేని పెద్దవాళ్లకు ఇది నిజంగా మేలు చేస్తుంది. మిగతావాళ్లకు మధ్యేమార్గంగా మూడు నుంచి ఆరు నెలలు పళ్లు వరసకు తెచ్చి ఆపరేషన్ చెయ్యడం నాకు ఎక్కువ నచ్చుతుంది.

పై వయసుకు హద్దు లేదు. చిగుళ్లు, పళ్ల చుట్టూ ఎముక గట్టిగా ఉంటే 50లో కూడా చేస్తారు. కాకపోతే కింది దవడ లోపల పెదవికి వెళ్లే నరం వయసు పెరిగేకొద్దీ, ముఖ్యంగా 40 దాటాక, నెమ్మదిగా కోలుకుంటుంది, కొందరిలో పూర్తిగా కోలుకోదు. ఆపరేషన్ అయిన కొత్తలో కింది పెదవి, గడ్డం తిమ్మిరిగా ఉండటం దాదాపు అందరికీ ఉండేదే.

తేదీ పెట్టుకునేటప్పుడు వాపు 2, 3 రోజులకు గరిష్ఠానికి చేరుతుందని, పైకి కనిపించేది రెండు మూడు వారాల్లో తగ్గుతుందని, మిగిలింది దిగడానికి 6 నెలల పైనే పడుతుందని లెక్కేసుకోవాలి. 6 వారాలు నమిలే తిండి ఉండదు. చదువుకైనా ఉద్యోగానికైనా మూడు వారాలు సెలవు కావాలి. దెబ్బలు తగిలే ఆటలు మూడు నెలలు మానాలి. పరీక్షలకు నెల ముందు తేదీ తీసుకోవడం కంటే ఆరు నెలలు ఆగడమే మంచిది. ముందు చెప్పినట్టు, ఆపరేషన్ ఆగగలదు.

స్ప్లింట్ తీసే రోజు మాత్రం ఆర్థోడాంటిస్ట్ దగ్గర గట్టిగా పట్టుబట్టాలి. సాధారణంగా ఆపరేషన్ అయిన 2 నుంచి 4 వారాలకు స్ప్లింట్ తీస్తారు. అదే గంటలో బరువైన ఆ స్టీలు వైరు మార్చి, పళ్లు కూర్చునేలా పల్చటి వైర్లు, పక్కల బాక్స్ ఎలాస్టిక్స్, అంటే పైకింద పళ్లకు పెట్టెలా తగిలించే రబ్బరు బ్యాండ్లు పెట్టాలి. స్ప్లింట్ ఒక చోట తీయించుకుని, అపాయింట్‌మెంట్ దొరికాక రెండు వారాలకు వైరు మార్పించుకుంటే, ఆ రెండు వారాలూ పళ్లు కలవక కింది దవడ తనకు సులువైన చోట కూర్చోవడం నేర్చుకుంటుంది. ఎలాస్టిక్స్ మొదటి నాలుగు వారాలు తినేటప్పుడు కూడా, తర్వాతి నాలుగు వారాలు తినేటప్పుడు తప్ప రోజంతా, ఆపై నాలుగు వారాలు రాత్రిపూట. 4 నుంచి 6 నెలల్లో క్లిప్పులు తీసే స్థితి వస్తుంది.

ఆ తీసే ముందు నెలలో పళ్లు బాగా కలుస్తున్నాయని సరిపెట్టుకోకుండా, ఎలాస్టిక్స్ పూర్తిగా మాని నాలుగైదు వారాలు చూడాలి. బైట్ అలాగే నిలిస్తే తీసేయొచ్చు. ముందు సందు మెల్లగా తెరుచుకుంటుంటే, ముఖ్యంగా కింది దవడ ముందుకు జరిపించుకున్న యువతుల్లో, మళ్లీ ఎలాస్టిక్స్ వేసి మూసెయ్యకూడదు. కాండైల్ ఎముక కరిగిపోతుండొచ్చు. ముందు కీళ్ల స్కాన్ తీసి ఆపరేషన్‌కు ముందున్న స్కాన్ పక్కన పెట్టి పోల్చాలి. కరుగుతున్నట్టు తేలితే క్లిప్పులు తీసినా, ఉంచినా, బైట్‌ను సరిచేసే పని మాత్రం ఆ కరగడం ఆగిందని వరస స్కాన్‌లలో కనిపించేదాకా మొదలుపెట్టకూడదు.